నర్సుకు రెండు రోజులు, తల్లికి ఒక గంట: పసిబిడ్డ సంరక్షణ శిక్షణ ఎలా ఉంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చిన్న ఆసుపత్రులకు ఒక శిక్షణ బృందం వస్తోంది. లేబర్ రూం నర్సులకు రెండు రోజులు, వార్డులో ఉన్న బాలింతలకు రోజుకో గంట పసిబిడ్డ సంరక్షణ నేర్పి వెళ్తుంది. పాఠం కొత్తదేమీ కాదు. 2009 నుంచి దేశమంతా నడుస్తున్న నవజాత శిశు సురక్ష కార్యక్రమం పాఠమే. దాన్ని ఎలా నేర్పుతున్నారు, నేర్చుకున్నది చేతికి ఎంత అందుతోంది అన్నదే ఇక్కడ చూడాల్సింది.

ముందే తేల్చి చెప్పాలంటే, నర్సులకు చెప్పే భాగం చాలా బాగుంది, డబ్బూ సమయమూ పెట్టదగ్గది. తల్లులకు చెప్పే విషయం సరైనదే కానీ చెప్పే వేళ బాగాలేదు. రెండింటికీ కలిపి ఒక పెద్ద లోపం ఉంది. రాత్రి రెండింటికి కాన్పు చేసే నర్సు ఈ తరగతిలో ఉండదు. ఇంటికెళ్లాక బిడ్డకు నీళ్లు పోసే అవ్వ కూడా ఉండదు. బిడ్డ నిజంగా ఎవరి చేతుల్లో పడుతుందో వాళ్లను వదిలేసి, ఆ పూట ఖాళీగా ఉన్నవాళ్లకు పాఠం చెబుతున్నారు.

మొదటి రోజంతా బొమ్మ మీద సాధనే. వాడేది నియోనటాలీ బొమ్మ. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు నింపితే నిజం పసిబిడ్డలాగే బరువు వస్తుంది, పట్టుకోకపోతే మెడ వాలిపోతుంది. పక్కన ఉన్న రబ్బరు బంతిని నొక్కితే బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది. ఊపిరి అందించే గాలి బ్యాగ్‌ను చేత్తో నొక్కితే, మొహం మీది మాస్క్ సరిగ్గా అంటితేనే ఛాతీ లేస్తుంది, లేకపోతే ఎంత నొక్కినా లేవదు. ఈ ఒక్క గుణం వల్లే ఈ శిక్షణ ఉపన్యాసంగా మారలేదు. నోటితో తప్పు లేకుండా అప్పజెప్పినవాళ్లలో చాలామందికి మొదటి పది నొక్కుల్లో ఛాతీ లేవదు. తప్పు ఎక్కడుందో బొమ్మే చూపిస్తుంది.

క్రమం ఇది. బిడ్డ బయటపడిన క్షణం నుంచి గడియారం మొదలు. ముందే వెచ్చజేసి పెట్టుకున్న గుడ్డతో తుడవాలి, ఆ తడిగుడ్డ తీసేసి పొడిగుడ్డలో పెట్టాలి. ఏడిస్తే తల్లి పొట్టమీద ఉంచి, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బొడ్డుతాడు కత్తిరించాలి. ఆ కాసేపట్లో మాయ నుంచి బిడ్డలోకి వెళ్లే రక్తం తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా కాస్తుంది. ఏడవకపోతే వీపు మీద రెండు మూడుసార్లు మెల్లగా రుద్దాలి. నోట్లో అడ్డం ఉంటే తీయాలి. అప్పటికీ ఊపిరి అందకపోతే వెంటనే తాడు కత్తిరించి, బల్ల మీద పడుకోబెట్టి బ్యాగ్-మాస్క్ మొదలుపెట్టాలి. ఇదంతా మొదటి నిమిషం దాటకముందే జరగాలి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, పిర్రల మీద చరచడం, మొహాన చల్లనీళ్లు కొట్టడం పాత అలవాట్లు. ఇవి బిడ్డను చల్లబరుస్తాయి, దెబ్బ తీస్తాయి, విలువైన సెకన్లు తినేస్తాయి. శిక్షకులు ఈ మాట మెత్తగా కాక సూటిగా చెప్పడం నచ్చింది.

సక్షన్ గురించి, అంటే నోట్లో ముక్కులో ఉన్నదాన్ని ట్యూబుతో లాగేయడం గురించి, ఇంకాస్త చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర బాగా ఏడుస్తున్న బిడ్డకు కూడా ట్యూబు పెట్టేస్తారు. అవసరం లేదు. ఉమ్మనీటిలో బిడ్డ మలం కలిసినా, బిడ్డ చురుగ్గా ఏడుస్తుంటే సక్షన్ అక్కర్లేదు. అవసరమైనప్పుడు ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కు ముందు తీస్తే బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి లాగుతుంది, నోట్లో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ట్యూబు నోట్లో 5 సెంటీమీటర్లు, ముక్కులో 3 సెంటీమీటర్లు దాటకూడదు. లాగే ఒత్తిడి 100 మి.మీ. పాదరసం మించకూడదు. లోతుగా పెడితే గొంతు వెనక తగిలి గుండె వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా బాగున్న బిడ్డ నీలం తిరుగుతుంది, మనమేమో పుట్టుకతోనే అలా ఉందనుకుంటాం.

బ్యాగ్ నొక్కడం దగ్గర తప్పులన్నీ పట్టుకోవడంలోనే ఉన్నాయి. నెలలు నిండిన బిడ్డకు 1వ నంబరు మాస్క్, చిన్న బిడ్డకు 0. మాస్క్ గడ్డం కొన నుంచి ముక్కు పైదాకా కప్పాలి, కళ్ల మీదికి ఎక్కకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ చుట్టూ, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద. ఆ మూడు వేళ్లు ఎముక మీద కాకుండా గడ్డం కింది మెత్తటి చోట పడితే నాలుక వెనక్కి జరిగి గాలిదారి మూసుకుంటుంది. భుజాల కింద చిన్న గుడ్డ మడత పెట్టి మెడ కొద్దిగా వెనక్కి వాల్చాలి. ఎక్కువ వాల్చినా, గడ్డం ఛాతీకి ఆనినా గాలి పోదు. ‘ఊపిరి, రెండు, మూడు’ అని లెక్కపెడుతూ మొదటి మాట మీద నొక్కి, మిగతా రెండింటి మీద వదిలేయాలి. అలా నిమిషానికి 40 నుంచి 60 వస్తాయి. కంగారులో వేగం పెంచితే గాలి బయటికి రావడానికి వ్యవధి ఉండదు. ఛాతీ లేవకపోతే మాస్క్ మళ్లీ పెట్టాలి, తల సర్దాలి, నోరు చూసి శుభ్రం చేయాలి, నోరు కొద్దిగా తెరిచి నొక్కాలి, అప్పటికీ లేవకపోతేనే ఒత్తిడి పెంచాలి. చాలామంది మొదటి పనిగా చివరిదే చేస్తారు.

ముప్పై సెకన్లు ఛాతీ లేచేలా గాలి ఇచ్చాక గుండె చూడాలి. ఆరు సెకన్లు లెక్కపెట్టి పదితో గుణిస్తే చాలు. 100 దాటి, బిడ్డ తనంతట ఊపిరి తీస్తుంటే ఆపొచ్చు. 60 కంటే తక్కువగా ఉంటే ఆక్సిజన్, ఛాతీ నొక్కులు, ఇంకో మనిషి కావాలి. మూడు నొక్కులకు ఒక ఊపిరి. నెలలు నిండిన బిడ్డకు మొదట మామూలు గాలే సరిపోతుందని ఇక్కడ గట్టిగా చెప్పారు. బిడ్డ ఊపిరి తీయడం లేదనగానే సిలిండర్ తాళం వెతుక్కుంటూ పరుగెత్తే అలవాటు మానాలంటే ఈ మాట పదిసార్లు వినాలి.

బ్యాగ్ విప్పి కడిగి మళ్లీ బిగించడం మీద అరగంట కేటాయించారు. మొత్తం శిక్షణలో అతి విలువైన అరగంట ఇదే. కడిగాక లోపలి పలుచటి రబ్బరు రేకు తిరగేసి పెడతారు, లేదా సింకులో పోగొట్టుకుంటారు. బ్యాగ్ చూడటానికి బాగానే ఉంటుంది, నొక్కితే నలుగుతుంది, బిడ్డకు మాత్రం గాలి అందదు. పరీక్ష చాలా తేలిక. మాస్క్‌ను అరచేతికి గట్టిగా ఆనించి నొక్కాలి. చేతికి ఒత్తిడి తెలియాలి, ఇంకా గట్టిగా నొక్కితే పైన ఉన్న వాల్వు తెరుచుకుని గాలి బయటికి పోయిన చప్పుడు రావాలి, వదలగానే బ్యాగ్ తిరిగి ఉబ్బాలి. డ్యూటీ మారిన ప్రతిసారీ ఇది చేసి రిజిస్టర్‌లో సంతకం పెట్టమన్నారు. సంతకంకన్నా పరీక్ష ముఖ్యం, ఆ తేడా కూడా చెప్పి ఉంటే బాగుండేది.

లోపం మనుషుల లెక్క దగ్గర. ఒక శిక్షకునికి ఆరుగురు, ఇద్దరికి ఒక బొమ్మ ఉంటేనే చేయి తిరుగుతుంది. బ్యాచ్ పెద్దదైతే వెనక వరుసలో నిలబడ్డవాళ్లకు రోజంతా రెండు మూడు సార్లే బ్యాగ్ అందుతుంది. పిలిచే ఆసుపత్రులు ‘అందరికీ ఒకేసారి చెప్పేయండి’ అని ఒత్తిడి పెట్టడం మానాలి.

రెండో రోజు వెచ్చదనం, ఇంజెక్షన్లు, పాలు, తక్కువ బరువు బిడ్డ. వెచ్చదనం పాఠం మన ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది. మే నెలలో నల్లగొండలో బయట నిప్పులు కురుస్తుంటే, లేబర్ రూంలో ఏసీ పెట్టి, ఫ్యాన్ తిప్పి, తడిబిడ్డను దాని కింద పెడతారు. గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. బిడ్డ చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేనప్పుడు చేతి వెనక వైపుతో పొట్ట, పాదాలు ముట్టి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టే. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ చలికి ఇబ్బంది పడటం మొదలైంది, వెంటనే తల్లి ఛాతీకి అంటించి కప్పాలి. రెండూ చల్లబడితే ప్రమాదం, చికిత్స కావాలి. ఆయమ్మలకు కూడా ఇది ఐదు నిమిషాల్లో వస్తుంది. వాళ్లను తరగతికి పిలవకపోవడం పొరపాటు, ఎందుకంటే పుట్టిన బిడ్డను మొదట తుడిచేది చాలాచోట్ల వాళ్లే.

విటమిన్ కె పాఠంలో ఒక జాగ్రత్త బాగా పట్టుకున్నారు. కిలో దాటిన బిడ్డకు 1 మిల్లీగ్రాము, అంతకన్నా చిన్నదానికి అర మిల్లీగ్రాము, తొడ ముందువైపు బయటి అంచున కండలోకి ఇవ్వాలి. అయితే అర మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ ఉంది, 1 మి.లీ.లో 10 మి.గ్రా. ఉండేదీ ఉంది. లేబుల్ చదవకుండా ‘అర మి.లీ.’ అని గుర్తుపెట్టుకుంటే రెండోదాంతో ఐదు రెట్లు పోతుంది. హెపటైటిస్ బి మొదటి 24 గంటల్లో రెండో తొడకు, బీసీజీ ఎడమ చేయి పైభాగంలో చర్మంలోకి 0.05 మి.లీ., పోలియో చుక్కలు రెండు.

తక్కువ బరువు బిడ్డల భాగం ఇంకో పూట పట్టేంత ఉంది, గంటన్నరలో ముగించారు. 1.8 కిలోల బిడ్డ చనుబాలు లాగలేకపోతే ఎంత పట్టాలి అన్న లెక్క మాత్రం ప్రతి ఒక్కరితో వేయించారు. మొదటిరోజు కిలోకి 60 మి.లీ., అంటే 108 మి.లీ. రెండు గంటలకోసారి పన్నెండుసార్లు పడితే ఒక్కోసారి 9 మి.లీ. తర్వాత రోజుకి కిలోకి 15 మి.లీ. చొప్పున పెంచుకుంటూ 150 దాకా. తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. బిడ్డ తల ఎత్తి పెట్టి, గిన్నె ముక్కును పెదవి మూలకు ఆనించి, కొద్దికొద్దిగా వంచాలి. బిడ్డ మింగేదాకా ఆగాలి. గొంతులో పోసేస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉగ్గుగిన్నె మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. ప్రతిసారీ సబ్బుతో కడిగి పది నిమిషాలు మరిగించడం మాత్రం కొత్తగా నేర్పాలి.

తల్లి ఛాతీకి బిడ్డను అంటించి ఉంచే కంగారూ పద్ధతిని తండ్రులను పిలిచి మరీ చేయించారు. ఈ భాగానికి పూర్తి మార్కులు. బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ తప్ప ఏమీ ఉండవు. రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్లు చేతులు ముడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెడ కొద్దిగా ఎత్తి ఉంచి, మెత్తటి పాత చీరతో కట్టాలి. ఒకసారి పెడితే కనీసం గంటసేపు కదపకూడదు, రోజుకు ఎనిమిది గంటలు దాటి ఎంతసేపైనా మంచిదే. ప్రత్యేకమైన సంచి కొననక్కర్లేదు. తల్లి స్నానానికో, నిద్రకో పోయినప్పుడు తండ్రి ఛాతీ సరిపోతుంది, అవ్వదైనా సరిపోతుంది.

ఇక్కడ తప్పకుండా ఉండాల్సి, లేనిది తరలింపు పాఠం. 1800 గ్రాముల లోపు బిడ్డ, 34 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఊపిరికి తన్నుకుంటున్న బిడ్డ జిల్లా కేంద్రంలోని ఎస్‌ఎన్‌సీయూకి (జబ్బుపడ్డ పసిబిడ్డల ప్రత్యేక వార్డుకు) వెళ్లాల్సిందే. అమ్రాబాద్ నుంచో దేవరకొండ తండాల నుంచో అంటే అది చిన్న ప్రయాణం కాదు. చేరేసరికి బిడ్డ చల్లబడి, చక్కెర పడిపోయి ఉంటే అక్కడి వార్మర్ (బిడ్డను వెచ్చజేసే యంత్రం) చేసేది కొంతే. బయలుదేరే ముందు మడమ దగ్గర చుక్క రక్తం తీసి చక్కెర చూడాలి, డెసిలీటరుకు 45 మి.గ్రా. కంటే తక్కువుంటే సరిచేయాలి, మింగగలిగితే పాలు పట్టాలి, 108లో తల్లి ఛాతీకి అంటించే తీసుకెళ్లాలి, అవతలి వార్డుకు ముందే ఫోన్ చేయాలి, ఇచ్చిన మందులు, ఇచ్చిన సమయం రాసిన కాగితం చేతికివ్వాలి. ఇదంతా గంటలో నేర్పొచ్చు.

ఇప్పుడు తల్లుల తరగతి. ఉదయం పదకొండింటికి పెడతారు. అది డాక్టరు రౌండ్లు, డిశ్చార్జి కాగితాలు, బిల్లులు, ఆటో మాట్లాడుకోవడం అన్నీ ఒకేసారి జరిగే వేళ. తల్లి కళ్లు తలుపు మీద ఉంటాయి. సాయంత్రం నాలుగు తర్వాత మంచం దగ్గరే ఇద్దరు ముగ్గురికి చెబితే ఇదే పాఠం రెట్టింపు ఎక్కుతుంది.

ఇంకో చిక్కు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్‌తోనే. అదే సర్వేలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. అయినా తరగతిలో ఒడిలో పెట్టుకుని పాలిచ్చే పద్ధతే చూపించారు. కుట్ల నొప్పితో లేవలేని తల్లికి అది పనికిరాదు. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం, బిడ్డ కాళ్లు వెనక్కి పోయేలా చంక కింద పట్టుకుని ఇవ్వడం, ఈ రెండూ ముందు నేర్పాలి. ఆపరేషన్ బల్ల దిగిన మొదటి గంటలో బిడ్డను రొమ్ముకు పట్టేది తల్లి కాదు, పక్కనున్న నర్సు. కాబట్టి ఈ పాఠం నర్సులదీ అవుతుంది.

రొమ్ము పట్టించడం గురించి చెప్పిన నాలుగు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. నోరు పెద్దగా తెరవాలి, గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి మడవాలి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనపడాలి. చనుమొన ఒక్కటే పట్టిస్తే పగుళ్లు, నొప్పి, పాలు రావట్లేదన్న దిగులు, ఆ వెంట డబ్బాపాలు, ఇదే వరస. ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి, మొదటి రెండు రోజులకు ఆ కొద్దే చాలు. మూడు నాలుగు రోజుల్లో పాలు దిగుతాయి, ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మొదటి వారంలో బరువు పదో వంతు దాకా తగ్గి రెండు వారాల్లో తిరిగి రావడం మామూలే. వారం దాటాక రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. ఈ ఒక్క లెక్క తల్లి చేతిలో పెట్టి పంపితే డబ్బా కొనే అవసరం చాలా ఇళ్లలో రాదు. వార్డులో డబ్బాపాల శాంపిళ్లు పంచడం 1992 చట్టం ప్రకారం నేరమన్న సంగతి నర్సులకు చెప్పారు, మేనేజ్‌మెంట్‌కు కూడా చెప్పాలి.

బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు తల్లులకు ఆ మాట తప్పనిసరిగా చెప్పాలి. ఈ శిక్షణలో అది లేనే లేదు. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా పాలలోకి చాలా తక్కువే దిగుతుంది, ఆరు నెలలూ తల్లిపాలే తాగిన బిడ్డకు అదో రక్షణ. బోరునీళ్లతో డబ్బాపాలు కలిపితే ఆ రక్షణ మొత్తం పోతుంది. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల తర్వాత జావకు, పప్పుకు కూడా మిషన్ భగీరథ కుళాయి నీళ్లే వాడాలి. ఎండాకాలంలో ‘గొంతు తడి ఆరుతుంది’ అని నెలబిడ్డకు నీళ్లు పట్టే అలవాటు గురించి మాత్రం చక్కగా చెప్పారు. తల్లిపాలలో నీళ్లే ఎక్కువ, వేసవిలో ఎక్కువసార్లు పట్టడమే మందు. దుప్పట్లు చుట్టి చుట్టి ఒళ్లు వేడెక్కితే, బట్టలు వదులుచేసి, పాలిచ్చి అరగంట తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికీ 37.5 దిగకపోతే ఆసుపత్రికే.

అవ్వల సంగతికి వద్దాం. తరగతి గోడ మీద ‘బొడ్డు మీద ఏమీ రాయరాదు’ అని అంటించారు. ఇంటికెళ్లాక పసుపో బూడిదో రాసేది ఆ కాగితం చదివిన తల్లి కాదు, ఆమె అమ్మ లేదా అత్త. పచ్చి బాలింత మాట ఆ ఇంట్లో చెల్లదు. అందుకే డిశ్చార్జికి ముందు అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, గౌరవంగా, కారణంతో సహా చెప్పాలి. ‘అవ్వా, నీళ్లు నువ్వే పొయ్యి, నీ చెయ్యి తిరిగిన చెయ్యి. బొడ్డు ఊడేదాకా ఆగి పొయ్యి. తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, మోచెయ్యి పెట్టి నీళ్లు చూసుకుని పొయ్యి’ అంటే వింటుంది. అన్నీ వద్దంటే ఏదీ వినదు. కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానంలో మార్చాల్సినవి కొన్నే ఉన్నాయి. గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, ముక్కులో చెవిలో నూనె పోయడం, ముక్కులో ఊదడం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే న్యుమోనియా మామూలు మందులకు లొంగదు. పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బితే, మగబిడ్డకైనా సరే, అది తల్లి హార్మోన్ల ప్రభావం, దానంతటదే తగ్గుతుంది. పాలు పిండితే చీము పడుతుంది. ఆముదం పోయడం, కంటికి కాటుక, సాంబ్రాణి పొగ, మంచం కింద కుంపటి, ఒక్కొక్కటి ఎందుకు వద్దో రెండు మాటల్లో చెప్పొచ్చు. కుంపటి పొగ మూసిన గదిలో తల్లీబిడ్డలిద్దరినీ తీసుకుపోగలదు, దీన్ని మాత్రం బతిమాలైనా మాన్పించాలి.

ప్రమాద గుర్తులను బొమ్మల కార్డుతో నేర్పారు. పాలు తాగకపోవడం, ముట్టుకుంటే తప్ప కదలకపోవడం, మూర్ఛ, డొక్కలు ఎగరేయడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, బొడ్డు చుట్టూ ఎర్రబడటం, అరచేతులు అరికాళ్లు పచ్చబడటం. మొదటి 24 గంటల్లో కామెర్లు ఎంత తక్కువ కనపడినా ప్రమాదమే, పొద్దుటెండలో పెడితే తగ్గుతుందన్న నమ్మకంతో రోజులు గడపకూడదు. ఊపిరి లెక్కపెట్టడం ప్రతి తల్లితోనూ ఫోన్ గడియారం పెట్టి చేయించారు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు, పొట్ట చూస్తూ, నిండా ఒక నిమిషం. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50 తాకితే ఆసుపత్రి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం పసిబిడ్డ విషయంలో పనికిరాదు, వాళ్ల ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది. మొదటిసారి 60 దాటితే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టాలి. ఈ అభ్యాసం అద్భుతంగా ఉంది.

ఆశా కార్యకర్త ఇంటికొచ్చే రోజులు 3, 7, 14, 21, 28, 42 అని కార్డు మీద రాసిచ్చారు. ఈ ఇంటింటి సంరక్షణ పద్ధతికి పునాది మన పొరుగున మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ చేసిన పని, 2011 నుంచి దేశమంతా నడుస్తోంది. అయితే మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో. అత్తగారి ఊరి ఆశా రిజిస్టర్‌లో పేరుంటుంది, బిడ్డ ఉండేది ఇంకో మండలంలో. రెండు ఊళ్లలోనూ ఎవరూ రారు. డిశ్చార్జి రోజునే పుట్టింటి ఊరి ఆశాకు నర్సు ఫోన్ చేసి చెప్పడం శిక్షణలో ఒక మెట్టుగా చేర్చాలి. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాలకు తల్లీబిడ్డల కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వాలి, పని దొరికిన ఊళ్లో టీకాలకు అదే ఆధారం. తండాల నుంచి, నల్లమల చెంచు పెంటల (అడవిలోని చిన్న ఊళ్ల) నుంచి వచ్చిన తల్లులకు వాళ్ల ఊరి ఆశానే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి, పుస్తకం తెలుగు వాళ్లకు అందదు.

ఆరు నెలలు నిండాక తినిపించడం మీద చెప్పింది పది నిమిషాలే. చెంచా నుంచి జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలన్న మాట ఒక్కటి చెప్పినా చాలు, నీళ్లలాంటి జావే మన దగ్గర పెద్ద సమస్య. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. అది ఆ బిడ్డకే అని ఇంట్లో అందరికీ తెలియాలి.

ఈ శిక్షణ పిలిపించుకోవాలనుకునే ఆసుపత్రులు ముందే కొన్ని అడిగి ఖాయం చేసుకోవాలి. రాత్రి డ్యూటీ వాళ్ల కోసం సాయంత్రం బ్యాచ్ ఒకటి విడిగా పెట్టమనాలి, ఆయమ్మలను కలపమనాలి. బొమ్మ ఒకటి ఆసుపత్రిలోనే ఉంచుకోవాలి, లేబర్ రూం పక్కనే, బీరువాలో కాదు. రెండు రోజులు కష్టపడి నేర్చుకున్న చెయ్యి కొన్ని నెలల్లోనే మరిచిపోతుంది. అందుకే ప్రతి డ్యూటీ మొదట్లో ఐదు నిమిషాలు ఆ బొమ్మకు బ్యాగ్ నొక్కాలి, ఒకరు చేస్తుంటే ఇంకొకరు గడియారం చూడాలి. తల్లుల తరగతి ఇక నుంచి వార్డు నర్సే తీసుకునేలా ఒకరిని తయారుచేసి వెళ్లమనాలి. కార్డులు, బట్టతో చేసిన రొమ్ము నమూనా, ఉగ్గుగిన్నె వార్డులో వదిలి వెళ్లమని అడిగితే ఇస్తున్నారు, అడగనిచోట తిరిగి పట్టుకెళ్తున్నారు.